జట్టులో గొడవ: ఎప్పుడు రానివ్వాలి, ఎలా తేల్చాలి

నేను మొదటిసారి జట్టు నడిపినప్పుడు మేం ఏడుగురం. మూడు నెలలపాటు ఒక్క పేచీ లేదు. సమావేశాల్లో అందరూ తలలూపేవారు. అది ఐకమత్యం అనుకుని నేను మురిసిపోయాను. నాలుగో నెలలో ఒక నివేదిక ఫైలుకు ఏ పేరు పెట్టాలన్న దగ్గర మాట మొదలైంది. గంటసేపు సాగింది. ఆ రోజు నుంచి ఇద్దరు ఒకరితో ఒకరు మాట్లాడటం మానేశారు.

ఫైలు పేరు కోసం ఎవరూ అంతగా కొట్టుకోరు. తుది మాట ఎవరిదో మేం మొదటి రోజున తేల్చుకోలేదు. ఆ లెక్క మూడు నెలలు లోలోపల నానింది. తర్వాత తెలిసిన సంగతి ఏమిటంటే, ఆ మూడు నెలలూ అసలు సమావేశాలు మా సమావేశం ముగిశాక, వరండాలో ఇద్దరేసి ముగ్గురేసిగా జరుగుతూనే ఉన్నాయి.

అప్పటి నుంచి నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. గొడవలు తగ్గించాలని చూసే నాయకుడు తప్పు చోట చూస్తున్నాడు. ఏ రకం గొడవ ఏ సమయంలో రావాలో చూసుకోవాలి. పని పద్ధతి మీద మొదట్లో రావాల్సిన పేచీని మొహమాటంతో మింగేస్తే, అదే తర్వాత మనుషుల మధ్య పగ రూపంలో బయటికి వస్తుంది. కింద రాసిన మెట్లన్నీ ఆ ఒక్క విషయం చుట్టూ తిరిగేవే.

## ముందుగా దారి తెలుసుకోండి

చిన్న బృందాల మీద అప్పటికి వచ్చిన 50 వ్యాసాలను చదివి, 1965లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బ్రూస్ టక్‌మన్ నాలుగు దశలు చెప్పాడు: ఫార్మింగ్, స్టార్మింగ్, నార్మింగ్, పెర్ఫార్మింగ్. మనుషులు మర్యాదగా ఒకచోట చేరతారు. ఎవరి స్థానం ఏదన్న దాని మీద ఘర్షణ పడతారు. ఒక కట్టుబాటుకు వస్తారు. అప్పుడు పని పరుగెత్తుతుంది. 1977లో మేరీ ఆన్ జెన్సెన్‌తో కలిసి ఆయనే ఐదో దశ చేర్చాడు, అది విడిపోవడం.

ఈ నాలుగు మాటలు శిక్షణ తరగతుల్లో ఎంతగా నలిగాయంటే, వాటిని రైళ్ల సమయసూచికలా చదివేవాళ్లు తయారయ్యారు. టక్‌మన్ చూసిన వాటిలో ఎక్కువ భాగం మానసిక చికిత్స బృందాలు, శిక్షణ బృందాలు. గడువు నెత్తిన పెట్టుకుని పనిచేసే జట్లు వాటిలో తక్కువ. అందుకే దీని పక్కన కోనీ గెర్సిక్ 1988లో ప్రచురించిన అధ్యయనాన్ని కూడా పెట్టుకోవాలి. ఆమె ఎనిమిది ప్రాజెక్టు జట్లను మొదటి సమావేశం నుంచి చివరి దాకా వెంటాడి గమనించింది. వాటిలో కొన్నింటి ఆయుష్షు రోజులే, కొన్నింటిది నెలలు. అయినా అన్నిటిలో ఒకే తీరు కనిపించింది. మొదటి సమావేశంలో పడిన పద్ధతి దాదాపు సగం గడువు దాకా కదల్లేదు. సరిగ్గా సగం దగ్గర జట్టు ఉలిక్కిపడి, పాత పద్ధతిని వదిలి కొత్త దారి పట్టింది.

ఘర్షణ సహజమని టక్‌మన్ భరోసా ఇస్తాడు. మీరు ఎప్పుడు చేయి పెట్టాలో గెర్సిక్ చెబుతుంది. నాకు రెండోదే ఎక్కువ ఉపయోగపడింది.

ఇక గొడవల రకాలు. కారెన్ జెన్ 1990ల్లో చేసిన పరిశోధనల తర్వాత వీటిని మూడుగా చూడటం అలవాటైంది. ఏం చేయాలన్నది మొదటిది. ఎవరు, ఎలా, ఎప్పుడు చేయాలన్నది రెండోది. మనిషికీ మనిషికీ పడకపోవడం మూడోది. పని మీద వాదన మంచిదే అని చాలామంది ధీమాగా చెబుతారు. అది సగం నిజం. 2003లో డి డ్రూ, వైన్‌గార్ట్ పాత అధ్యయనాలను కలిపి చూస్తే, పని మీద విభేదం కూడా జట్టు ఫలితాలను దెబ్బతీస్తున్నట్టే తేలింది. 2012లో 116 అధ్యయనాలను కలిపి చూసిన మరో విశ్లేషణ దీనికి మెలిక విప్పింది: పని మీద వాదన, మనుషుల మధ్య పగ ఒకదానికొకటి అల్లుకోనంత వరకే మొదటిదానితో మేలు ఆశించవచ్చు. వాదన ఉందా లేదా అన్నది కాదు, అది ఎక్కడి నుంచి ఎక్కడికి పాకుతోందన్నదే మీరు కనిపెట్టుకుని ఉండాల్సింది.

## మొదటి మెట్టు: తొలి సమావేశంలోనే పేచీ పెట్టుకోండి

తొలి రోజులు ఎంత ప్రమాదకరమో విమానాల వాళ్లకు బాగా తెలుసు. సిబ్బంది పొరపాట్లు కారణమైన 37 పెద్ద విమాన ప్రమాదాలను అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు పరిశీలించి 1994లో నివేదిక ఇచ్చింది. వివరాలు దొరికిన ప్రమాదాల్లో 73 శాతం, ఆ సిబ్బంది కలిసి ఎగురుతున్న మొదటి రోజునే జరిగాయి. వాళ్లంతా పని వచ్చినవాళ్లే. ఒకరి తీరు ఒకరికి ఇంకా తెలియదు, అంతే.

అందుకే మొదటి సమావేశంలో పరిచయాలకు పావుగంట చాలు. మిగతా సమయం ఈ ప్రశ్నలకు ఇవ్వండి, జవాబులు ఒక్క పేజీలో రాయండి:

- ఏ విషయంలో చివరి మాట ఎవరిది? పేరుతో సహా రాయాలి.
- ఒక నిర్ణయం నచ్చనివాళ్లు ఆ మాట ఎక్కడ, ఎప్పటిలోగా చెప్పాలి?
- పని ఆలస్యమయ్యేలా ఉంటే ఎన్ని రోజుల ముందు నోరు విప్పాలి?
- అయిపోయిన నిర్ణయాన్ని తిరగదోడాలంటే ఏం కావాలి?

మొదటి ప్రశ్నకు ‘అందరం కలిసి నిర్ణయిస్తాం’ అని జవాబు వస్తే ఒప్పుకోకండి. వినడానికి బాగుంటుంది, అవసరానికి పనికిరాదు. నలుగురు అటు, ముగ్గురు ఇటు అయిన రోజున ఏం చేస్తారని అడగండి. అక్కడే తొలి పేచీ మొదలవుతుంది, మొదలవనివ్వండి. ఇంకా ఎవరి పరువూ ఏ పక్షానా ఇరుక్కోలేదు కాబట్టి ఈ రోజు దాని ఖరీదు తక్కువ. నాలుగో ప్రశ్నకు నేను సాధారణంగా సూచించే జవాబు ‘కొత్త సమాచారం’. అప్పటికి తెలియని విషయం ఏదైనా బయటపడితే నిర్ణయాన్ని మళ్లీ తెరవచ్చు. అదే వాదనను మరింత గట్టిగా చెప్పడానికి మాత్రం కాదు.

ఆ పేజీ అడుగున, దాన్ని మళ్లీ చదివే తేదీ వేయండి. తేదీ లేని ఒప్పందాన్ని ఎవరూ రెండోసారి చూడరు.

## రెండో మెట్టు: నిశ్శబ్దాన్ని అనుమానించండి

రెండు మూడు వారాలు గడిచాక కొన్ని గుర్తులు కనిపిస్తాయి. సమావేశంలో మాట్లాడని మనిషి ముగిశాక మీ దగ్గరికి వచ్చి ‘ఒక చిన్న మాట’ అంటాడు. ఒప్పుకున్న పని మూడోసారి వాయిదా పడుతుంది. పక్క కుర్చీలో ఉన్నవాళ్లకు రాసే ఉత్తరంలో పై అధికారి ప్రతి కూడా ఉంటుంది. హాస్యం మెల్లగా పదునెక్కుతుంది. ఈ చివరిదాన్ని నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్ముతాను.

ఒక తయారీ సంస్థలోని 51 జట్ల మీద చేసిన అధ్యయనాన్ని ఎమీ ఎడ్మండ్‌సన్ 1999లో ప్రచురించింది. తప్పు ఒప్పుకున్నా, ప్రశ్న అడిగినా తల తెగదన్న నమ్మకం ఉన్న జట్లే ఎక్కువ నేర్చుకుంటున్నాయని ఆమెకు కనిపించింది. ఆ నమ్మకం ఉపన్యాసాలతో రాదు. మొదటిసారి ఎవరైనా మీకు ఎదురు చెప్పినప్పుడు మీ ముఖం ఎలా మారిందో జట్టు మొత్తం చూస్తుంది, అక్కడే లెక్క కట్టేస్తుంది.

చేయదగిన పనులు మూడు. కష్టమైన విషయం చర్చకు వచ్చినప్పుడు, మాట్లాడే ముందు ఐదు నిమిషాలు అందరినీ తమ అభిప్రాయం కాగితం మీద రాయమనండి. నాయకుడు ఆఖరున మాట్లాడాలి. ముందే మాట్లాడితే మిగతావాళ్లు వ్యాఖ్యాతలుగా మారిపోతారు. మూడోది మనస్తత్వ శాస్త్రవేత్త గ్యారీ క్లైన్ ప్రచారంలోకి తెచ్చిన ప్రీమార్టమ్ పద్ధతి: ‘ఆరు నెలలు గడిచాయి, మన పని ఘోరంగా విఫలమైంది. ఎందుకు?’ అని అడిగి, కారణాలు రాయించడం. ‘ఈ ప్రణాళికలో లోపం ఉందా?’ అంటే నోరు విప్పని మనిషి, విఫలమైందని ముందే ఒప్పేసుకుంటే పేజీ నిండా రాస్తాడు. నాయకుడిని తప్పుపడుతున్నానన్న మొహమాటం అక్కడ ఉండదు.

## మూడో మెట్టు: గొడవ జాతి కనిపెట్టండి

గొడవ బయటపడగానే సర్దిచెప్పే తొందర వద్దు. ముందు అది ఏ రకమో చూడండి. నేను వేసుకునే ప్రశ్న ఇది: ఈ ఇద్దరి స్థానంలో వేరే ఇద్దరు ఉంటే ఈ గొడవ వచ్చేదా?

వచ్చేదే అనిపిస్తే తప్పు ఏర్పాటులో ఉంది. నాణ్యత చూసేవాళ్లకు సమయం కావాలి, అందించేవాళ్లకు వేగం కావాలి. ఆ కుర్చీల్లో సోదరులను కూర్చోబెట్టినా కొట్టుకుంటారు. ఇక్కడ మనసు విప్పి మాట్లాడుకోండని సలహా ఇవ్వడం దండగ. తనిఖీకి ఎన్ని రోజులో, ఏ లోపం ఉంటే ఆపే అధికారం ఎవరిదో రాసిపెట్టాలి.

‘అతను ఎప్పుడూ అంతే’, ‘ఆవిడ గుణమే అది’ అన్న మాటలు వినిపిస్తుంటే గొడవ మనుషుల మీదికి పాకింది. 1977లో లీ రాస్ పేరు పెట్టిన ఒక పొరపాటు ఇక్కడ పనిచేస్తుంటుంది: ఎదుటివాళ్లు చేసినదానికి పరిస్థితులను వదిలేసి స్వభావాన్ని కారణంగా చూస్తాం. నేను ఆలస్యంగా పంపితే పని ఎక్కువై. అతను ఆలస్యంగా పంపితే నిర్లక్ష్యమై. ఈ లెక్కను ఇద్దరూ ఒకేసారి వేసుకుంటారు. చిలికి చిలికి గాలివాన అయ్యేది ఇక్కడే.

చాలా గొడవలు రెండో రకంగా పుట్టి మూడో రకంగా పెరుగుతాయి. మొదటి వారం ‘ఆ ఫైలు ఎవరు పంపాలి?’ అన్న ప్రశ్న. నెల తిరిగేసరికి ‘నన్ను లెక్కచేయడం లేదు’ అన్న బాధ. కాబట్టి వెనక్కి తవ్వండి. ఈ చికాకు మొదటిసారి ఎప్పుడు కలిగిందని ఒక్కొక్కరిని విడిగా అడిగితే, తొంభై పాళ్లు ఏదో తేలని పని పంపకం దగ్గరికే వెళ్లి ఆగుతారు.

ఒక హెచ్చరిక. బెదిరింపు, అవమానం, లైంగిక వేధింపు, కులమో మతమో లింగమో చూసి చిన్నచూపు చూడటం ఈ మూడు రకాల్లోకీ రావు. వాటిని జట్టు ఘర్షణ పేరుతో ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేయబోవద్దు. వాటికి ఫిర్యాదు మార్గం ఉంటుంది, అక్కడికే వెళ్లాలి.

## నాలుగో మెట్టు: ఇద్దరూ ముఖాముఖి

దీనికి ఎక్కువ చోటు ఇస్తున్నాను, ఎందుకంటే అందరూ దాటవేసే మెట్టు ఇదే. సమస్య ఉన్న ఇద్దరు తప్ప మిగతా అందరూ ఆ సమస్య గురించి మాట్లాడుకుంటూ ఉంటారు.

కోపం మీద ఉన్న రోజున వద్దు, వారం దాటనివ్వనూ వద్దు. ఒక రాత్రి నిద్రపోయి మర్నాడు మాట్లాడండి. సందేశాల్లో వద్దు, రాత మాటకు గొంతు ఉండదు, చదివేవాళ్లు తమ కోపంలో ఉన్న గొంతునే దానికి తగిలిస్తారు. ఎదురుగా కూర్చోవడం వీలుకాకపోతే ఫోను చేయండి.

మొదటి వాక్యం మీదే సగం ఆధారపడి ఉంటుంది. అందులో జరిగిన పని, దానివల్ల మీకు పడిన దెబ్బ, ఒక నిజమైన ప్రశ్న ఉండాలి. స్వభావం మీద తీర్పు ఉండకూడదు. రాతపని చూసే ఆవిడ, లెక్కలు చూసే ఆయన మధ్య మాట ఇలా నడిచిందనుకోండి:

‘మీరు ఎప్పుడూ చివరి నిమిషంలోనే పంపుతారు. మీకు మా పనంటే లెక్కలేదు.’

‘మీరు అడిగే తీరు బాగుంటే ముందే పంపేవాణ్ణి.’

అయిపోయింది. ఇక ఇద్దరూ తమ గుణాన్ని కాపాడుకోవడంలో పడతారు. అదే మాట మరోలా:

‘గత రెండు నివేదికల్లో అంకెలు గడువు రోజు సాయంత్రం వచ్చాయి. రెండుసార్లూ సరిచూడకుండానే పంపించాల్సి వచ్చింది, ఒక దానిలో తప్పు పోయింది. మీ వైపు ఏం అడ్డు పడుతోంది?’

‘నాకు అంకెలు వచ్చేదే ముందు రోజు రాత్రి. ఆ సంగతి మీకు తెలుసనుకున్నాను.’

‘తెలియదు. అయితే వచ్చినంత మేరకు ముక్కలుగా పంపగలరా? నేను వచ్చిన భాగం వచ్చినట్టు సరిచూస్తాను.’

రెండో సంభాషణలో ఎవరూ మంచివాళ్లుగా మారిపోలేదు. ‘ఎప్పుడూ’ అన్న చోట ‘రెండుసార్లు’ వచ్చింది, తీర్పు ఉన్న చోట ప్రశ్న వచ్చింది. ప్రశ్న అడిగాక ఆగాలి. చాలామందికి కష్టమైనది ఆ ఆగడమే. అడిగి, జవాబు కూడా తామే చెప్పేస్తారు.

ముగించే ముందు ఎవరు, ఏం, ఎప్పటి నుంచి మార్చుకుంటారో ఇద్దరూ ఒక్కో వాక్యంలో చెప్పుకోండి. క్షమాపణ వస్తే మంచిదే, రాకపోతే పట్టుబట్టకండి. మళ్లీ అంకెలు వేళకు రావడం దానికన్నా ముఖ్యం.

## ఐదో మెట్టు: మధ్యవర్తిగా వెళ్లాల్సి వస్తే

ఇద్దరి ప్రయత్నం విఫలమయ్యాకే మూడో మనిషి అడుగుపెట్టాలి. ముందు విడివిడిగా వినండి. ఒకరి మాట మరొకరికి మోయవద్దు. మోస్తే మీరు మధ్యవర్తి కాదు, తపాలా బంట్రోతు. తర్వాత ఇద్దరినీ కూర్చోబెట్టి, వాదించే ముందు ఎదుటివాళ్ల వాదనను వాళ్లు ‘అవును, నేను చెప్పింది అదే’ అనేలా చెప్పమనండి. ఇది బడిపిల్లల ఆటలా అనిపిస్తుంది. నేను చూసినంతలో సగం గొడవల అసలు రూపం ఇక్కడే బయటపడింది.

నిర్వహణ మీద రాసిన మేరీ పార్కర్ ఫాలెట్ 1920ల్లో తన అనుభవంగా చెప్పిన ఒక సంఘటన దీనికి ఇప్పటికీ పనికొస్తుంది. గ్రంథాలయంలో ఒక చిన్న గదిలో ఒకరు కిటికీ తెరవాలన్నారు, ఫాలెట్ మూయాలంది. చివరికి మనుషులు లేని పక్క గదిలో కిటికీ తెరిచారు. ఇది రాజీ కాదంటుంది ఆమె. ఎదుటి మనిషికి కావాల్సింది గాలి, ఆ కిటికీయే తెరవడం కాదు. ఆమెకు వద్దనిపించింది నేరుగా మీద పడే ఉత్తరపు గాలి, గాలే కాదు. ఇద్దరికీ కావాల్సింది పూర్తిగా దొరికింది. కిటికీ సగం తెరిచి ఉంటే ఇద్దరికీ అసంతృప్తే మిగిలేది. కాబట్టి ఏం కావాలని అడిగి ఊరుకోకుండా, అది దొరికితే మీకు ఏం సమకూరుతుందని అడగండి.

ప్రతి గొడవకూ పక్క గది ఉండదు. బడ్జెట్ ఒక్కటే, ఇద్దరికీ చాలదు. అప్పుడు అధికారం ఉన్న మనిషి నిర్ణయించాలి, కారణం బయటికి చెప్పాలి, మళ్లీ చూసే తేదీ చెప్పాలి. అందరూ ఒప్పుకునే దాకా చర్చ సాగదీయడం ప్రజాస్వామ్యం అనుకుంటారు కొందరు. ఓపిక ఎక్కువున్నవాళ్లు గెలిచే పోటీ అది.

## ఆరో మెట్టు: సగం దారిలో ఆగండి

గెర్సిక్ చూసిన ఉలికిపాటు ఎలాగూ వస్తుంది. దాన్ని మీ చేతుల్లోకి తీసుకోండి. ఆరు నెలల పని అయితే మూడో నెల చివర ఒక సగం రోజు కేటాయించండి. కారెన్ జెన్, ఎలిజబెత్ మ్యానిక్స్ 2001లో ప్రచురించిన అధ్యయనంలో బాగా రాణించిన బృందాల్లో పని మీద విభేదం ఓ మోస్తరుగా కనిపించింది ఇలా గడువు సగానికి వచ్చిన దశలోనే. మనుషుల మధ్య పేచీ మాత్రం వాటిలో మొదటి నుంచీ తక్కువ, గడువు దగ్గరపడ్డాక కాస్త పెరిగింది.

ఆ సగం రోజున ‘మనం ఎలా కలిసి పనిచేస్తున్నాం’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి, అందరూ బాగానే ఉందంటారు. పనితో మొదలుపెట్టండి: ఇప్పటి దాకా పట్టిన దారిని ఈరోజు కొత్తగా ఎంచుకోవాల్సి వస్తే ఎంచుకుంటామా? దేన్ని ఆపేయాలి? దారి గురించి గట్టిగా వాదించుకుంటుంటే పద్ధతి లోపాలు వాటంతట అవే పైకి తేలతాయి. అప్పుడు మొదటి రోజు రాసిన పేజీ తెరిచి, పనిచేయని గీతలు కొట్టేయండి.

## ఏడో మెట్టు: గడువు ముందు తలుపులు మూయండి

చివరి రెండు మూడు వారాల్లో దారి గురించి కొత్త వాదన తెరవనివ్వకండి. వచ్చే ఆలోచనలు మంచివే కావచ్చు, వాటిని ‘తర్వాత’ అన్న జాబితాలో రాసి పక్కన పెట్టండి. నిద్ర తక్కువై మాటలు మోటుగా వస్తాయి. గడువు ముందు పుట్టిన మాటను గడువు తర్వాతి వారం దాకా లెక్కలోకి తీసుకోకూడదని ముందే ఒప్పుకుంటే మేలు. భద్రత, చట్టం, డబ్బు లెక్క తప్పు లాంటివి మాత్రం చివరి గంటలోనైనా ఆపగలిగే అధికారం అందరికీ ఉండాలి.

## ఎనిమిదో మెట్టు: మనిషి మారితే జట్టు మారినట్టే

ఒకరు వెళ్లి మరొకరు వస్తే, మిగతా ఆరుగురూ అదే జట్టు అనుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్లకు అది రాయని చట్టాలున్న ఊరు. మొదటి వారంలోనే ఆ పేజీని వాళ్ల చేతికిచ్చి, ఇందులో విచిత్రంగా అనిపించేది ఏమిటని అడగండి. వాళ్ల కళ్లు రెండు వారాల్లో అలవాటు పడిపోతాయి, ఆ తర్వాత అడిగి లాభం లేదు. నాయకుడే మారితే మొదటి మెట్టు నుంచి మొత్తం మళ్లీ చేయాలి.

## తొమ్మిదో మెట్టు: విడిపోయే రోజు

పని ముగిసిందంటే చాలు, అందరూ తలో దారి పడతారు. ఒక గంట ఆపండి. మనం ఏ గొడవను ఆలస్యంగా పెట్టుకున్నాం? ఏ గొడవను అసలు పెట్టుకోకుండా ఉండాల్సింది? ఈ రెండే ప్రశ్నలు. జట్టులో ఎక్కువగా ఎదురు చెప్పిన మనిషిని మొదట మాట్లాడమనండి, నాయకుడు ఈసారి కూడా ఆఖరునే. జవాబులను పేర్లు లేకుండా ఒక కాగితం మీద రాసి, మీరు నడపబోయే తర్వాతి జట్టు తొలి సమావేశానికి పట్టుకెళ్లండి.